మణికట్టుపై వైద్య యంత్రము: దాని మేలు, దాని హద్దు

వైద్యుని యెదుట చేయి చాచుట మన దేశమున తరతరముల అలవాటు. రోగి నోరు విప్పక మునుపే వైద్యుడు మణికట్టును మూడు వ్రేళ్లతో పట్టి, కన్నులు అరమూసి, నాడి నడకను గమనించెడివాడు. నాడి వేగముగా నడచుచున్నదా, మందగించినదా, సమముగా నున్నదా, తడబడుచున్నదా అని కొద్ది క్షణములలో గ్రహించెడివాడు. అట్టి మణికట్టుపైననే నేడు చిన్న యంత్రము వచ్చి కూర్చున్నది. చూచుటకు అది చేతి గడియారము వలె నుండును. కాని కాలమును తెలుపుటతో దాని పని ముగియదు. రేయింబవళ్లు అది నాడిని లెక్కించును; నడచిన అడుగులను, నిద్రించిన గంటలను లెక్కించును; ఆ లెక్కలను తీగ సహాయము లేకుండ జేబులోని ఫోనునకు పంపును. ఫోను వానిని వందల మైళ్ల దూరముననున్న వైద్యునకు సైతము చేర్చగలదు.

దేహముపై ధరించు ఇట్టి యంత్రములు ఒకప్పుడు ధనికుల ముచ్చట. నేడు రెండు మూడు వేల రూపాయలకే అంగళ్లలో దొరకుచున్నవి. కొనువారు పెరిగిరి, కాని వానిని ఎంతవరకు నమ్మవలెనో తెలిసినవారు తక్కువ. నమ్మదగిన చోట నమ్మకున్న ప్రయోజనము పోవును. నమ్మరాని చోట నమ్మిన ప్రాణమే పోవచ్చును. ఈ రెండింటి నడుమనున్న హద్దును పాఠకులకు చూపుటయే ఈ చిన్న పుస్తకము యొక్క ఉద్దేశము.

ఇట్టి సాధనములు మనకెందుకు?

మన దేశమున నేడు ప్రబలుచున్న వ్యాధులలో ననేకములు చప్పుడు చేయక వచ్చునవి. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన విస్తృత పరిశీలన యొకటి 2023లో ప్రకటింపబడినది. దాని ప్రకారము దేశమున సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము కలదు. మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున నున్నారు. రక్తపు పోటు గలవారు 31 కోట్ల పైచిలుకు.

ఈ వ్యాధులు జ్వరము వలె ఒళ్లు కాల్చవు, విరేచనముల వలె మంచమున పడవేయవు. రక్తపు పోటు గల మనుష్యుడు యేండ్ల తరబడి పొలము పని చేసికొనుచు, పెండ్లిండ్లకు పేరంటములకు పోవుచు, తనకేమియు లేదనియే యెంచుచుండును. ఒకనాడు కాలు సేయి పడిపోవువరకు సంగతి బయటపడదు. కావున ఇట్టి వ్యాధులను పట్టుకొను మార్గము ఒక్కటే: దేహమును అప్పుడప్పుడు కొలుచుచుండుట. వైద్యుడు చాల దూరముననున్న పల్లెలలో ఈ కొలత ఇంటివద్దనే జరిగినచో ఎంత మేలో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ విద్య ఎట్లు వచ్చినది?

రోగి యొకచోట, వైద్యుడు మరియొకచోట నుండి పరీక్ష జరుపవచ్చునను తలంపు క్రొత్తది కాదు. గుండె నుండి వెలువడు సూక్ష్మమైన విద్యుత్తును కాగితముపై గీతగా దించు పద్ధతిని వృద్ధిచేసినవాడు హాలెండు దేశస్థుడైన విల్లెమ్ ఐంథోవెన్. ఈయనకు 1924లో నోబెల్ బహుమానము లభించినది. ఆయన యంత్రము ఒక గదిని నింపునంత పెద్దది. దానిని రోగి పడక వద్దకు తీసికొనిపోవుట సాధ్యము కాకుండెను. అందుచేత 1905లో ఆయన లైడెన్ నగరమున ఒక ఉపాయము చేసెను. ఆసుపత్రిలోని రోగి గుండె వార్తను టెలిఫోను తీగ గుండ ఒకటిన్నర కిలోమీటరు దూరముననున్న తన పరిశోధనశాలకు రప్పించుకొనెను.

తీగ లేకుండ వార్తను పంపవచ్చునని లోకమునకు చూపినవారిలో మన దేశమునకు చెందిన ఆచార్య జగదీశ చంద్ర బోసు ముందువరుసలోని వారు. 1890 దశాబ్దమున కలకత్తా టౌన్ హాలులో ఆయన ప్రసరింపజేసిన కంటికి కానరాని తరంగములు గోడలను దాటిపోయి, దూరముననున్న గంటను మ్రోగించి, తుపాకిమందును అంటించినవి. నేటి చేతి యంత్రము ఫోనుతో మాటలాడునది అదే జాతికి చెందిన తరంగములతోనే.

ఈ రెండు విద్యలను ఒకచోట చేర్చినవాడు అమెరికా దేశస్థుడైన నార్మన్ హాల్టర్. మంచముపై కదలక పరుండిన కొద్ది నిమిషములు గాక, మనుష్యుడు తన పనులు చేసికొనుచున్నంతసేపును గుండె ఎట్లు కొట్టుకొనునో చూడవలెనని ఆయన కోరిక. 1940 దశాబ్దము చివర ఆయన చేసిన మొదటి సాధనము వీపున మోయవలసిన మూట. దాని బరువు సుమారు 38 కిలోలు! క్రమముగా అది జేబులో పట్టునంతదైనది. నేటికిని ఆసుపత్రులలో ఒక దినమంతయు గుండె నడకను వ్రాసికొను సాధనమును హాల్టర్ పేరుతోనే పిలుచుచున్నారు. ఆ మూటయే కుంచించుకొని నేడు మణికట్టుపై కొన్ని గ్రాముల బరువుతో నిలిచినది.

యంత్రము నాడిని ఎట్లు కనిపెట్టును?

ఈ యంత్రమును చేతి నుండి విప్పి అడుగు భాగమును చూచినచో ఆకుపచ్చని చిన్న దీపములు వెలుగుచుండుట కనబడును. రక్తము ఎఱ్ఱనిది గనుక ఆకుపచ్చని వెలుతురును బాగుగా పీల్చుకొనును. గుండె కొట్టుకొనిన ప్రతిసారియు చర్మము క్రింద రక్తము కొంచెము పెరుగును. అప్పుడు తిరిగివచ్చు వెలుతురు తగ్గును. గుండె విశ్రమించిన క్షణమున రక్తము తగ్గి వెలుతురు హెచ్చును. దీపముల ప్రక్కనున్న యంత్రపు కన్ను ఈ హెచ్చుతగ్గులను పసిగట్టి నిమిషమునకు ఎన్నియో లెక్కకట్టును.

ఈ లెక్క విశ్రాంతిగా నున్నప్పుడు చాలవరకు సరిగానే యుండును. విశ్రాంతి సమయమున పెద్దవారి నాడి సామాన్యముగా నిమిషమునకు 60 మొదలు 100 వరకు నుండును. వడ్లు దంచునప్పుడు, బట్టలు ఉతుకునప్పుడు, పరుగెత్తునప్పుడు చేయి కదలికయే నాడియని యంత్రము భ్రమపడవచ్చును. పట్టీ వదులుగా నున్నను తప్పు వచ్చును. కావున అంకెను నమ్ముటకు ముందు ఐదు నిమిషములు కూర్చుండి, పట్టీని సరిచేసికొని, మరల చూడవలెను. అనుమానము తీరనిచో పూర్వపు పద్ధతియే మేలు: రెండు వ్రేళ్లు మణికట్టుపై నుంచి, గోడ గడియారము చూచుచు ఒక నిమిషము లెక్కించుడు.

రక్తములోని ప్రాణవాయువు

రక్తములోని ప్రాణవాయువును కొలుచు పల్స్ ఆక్సీమీటరు 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ వ్యాధి వచ్చిన నాడు మన ఇండ్లలో ప్రవేశించినది. దాని మూలసూత్రమును కనుగొన్నవాడు జపాను దేశపు ఇంజనీరు తకువో అయోయాగి. ఆయన దానిని 1974లో ప్రకటించెను. ప్రాణవాయువు నింపుకొనిన రక్తము ఒక రీతిగను, ఖాళీ అయిన రక్తము మరియొక రీతిగను ఎఱ్ఱని వెలుతురును, కంటికి కానరాని పరారుణ కాంతిని పీల్చుకొనును. ఈ రెండు కాంతులను వ్రేలి గుండ పంపి, రెంటి నిష్పత్తిని బట్టి ప్రాణవాయువు నూటికి ఎంతయో తేల్చుదురు. 2020 ఏప్రిల్ నెలలో, లోకమంతయు తన సాధనమును వ్రేలికి తొడుగుకొనుచున్న దినములలోనే, ఆ మహనీయుడు కన్నుమూసెను.

ఆరోగ్యవంతునికి ఈ అంకె సామాన్యముగా 95కు పైన నుండును. 94కు దిగిన జాగ్రత్త వహించి వైద్యుని సలహా పొందవలెను. 90కి క్రిందకు దిగుట అపాయము. ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. చూచునప్పుడు చేయి వెచ్చగా నుండవలెను. గోళ్ల రంగును తుడిచివేయవలెను. గోరింటాకు దట్టముగా పెట్టిన వ్రేలికంటె పెట్టని వ్రేలు మేలు. అంకె నిలకడగా నిలుచువరకు సుమారొక నిమిషము ఓపికపట్టవలెను.

ఇచ్చట మన దేశస్థులు ప్రత్యేకముగా తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. వెలుతురును పీల్చుకొనునది రక్తము మాత్రమే కాదు. చర్మమునకు వన్నెనిచ్చు పదార్థము కూడ పీల్చుకొనును. అమెరికాలో జరిగిన పరిశీలన యొకటి 2020 డిసెంబరులో ప్రకటింపబడినది. ఆక్సీమీటరు 92 నుండి 96 వరకు చూపుచుండగా రక్తమును తీసి పరీక్షింపగా, నిజముగా ప్రాణవాయువు 88కి క్రిందకు దిగియున్నవారు తెల్లవారిలో నూటికి 3.6 మంది, నల్లవారిలో 11.7 మంది తేలిరి. అనగా నల్లని చర్మము గలవారి విషయమున యంత్రము మూడింతలు హెచ్చుగా మోసపోయినది.

చామనఛాయ వారును, నల్లనివారును అధికముగా గల మన దేశమున ఇది చిన్న సంగతి కాదు. కావున అంకె బాగున్నను ఆయాసము హెచ్చుచున్నచో, పెదవులు నీలి రంగుకు మారుచున్నచో, మాటలాడుటకు ఊపిరి చాలకున్నచో, అంకెను గాక రోగిని నమ్మవలెను. వ్రేలికి తొడుగు సాధనమునకే ఇట్టి లోపమున్నప్పుడు, మణికట్టుపైనుండి ప్రాణవాయువును కొలుచు చేతి యంత్రములను మరింత జాగ్రత్తగా చూడవలెనని వేరుగ చెప్పనేల?

గుండె లయ తప్పుట

కొందరిలో గుండె పై గదులు క్రమము తప్పి అల్లాడుచుండును. అందుచేత రక్తము అచ్చట నిలిచి గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ మెదడునకు పోయిన పక్షవాతము కలుగును. ఈ లోపము గలవారికి పక్షవాతపు భయము ఇతరులకంటె సుమారు ఐదింతలు. లయ తప్పుట వచ్చిపోవుచుండును గనుక ఆసుపత్రిలో పరీక్షించిన కొద్ది నిమిషములలో బయటపడక పోవచ్చును. ఎడతెగక కాపుండు యంత్రము ఇట్టి చోట నిజముగా పనికివచ్చును.

ఈ సంగతిని పరీక్షించుటకై అమెరికాలో నాలుగు లక్షల పందొమ్మిది వేల మందికి పైగా చేతి గడియారములతో పరిశీలన జరిపి, ఫలితములను 2019లో ప్రకటించిరి. వారిలో నూటికి సుమారు అర మందికి మాత్రమే లయ తప్పినదని హెచ్చరిక వచ్చినది. హెచ్చరిక వచ్చినవారిలో గుండె పట్టీ ధరించి మరల పరీక్షకు నిలిచినవారిని చూడగా, నూటికి 34 మందిలో లోపము కనబడినది. మిగిలినవారిలో హెచ్చరిక తప్పయి యుండవచ్చును, లేక లోపము అప్పటికి తగ్గియైన నుండవచ్చును. దీనినుండి గ్రహింపవలసిన నీతి యిది: హెచ్చరిక వచ్చినచో కంగారుపడరాదు, కొట్టివేయను రాదు, వైద్యుని వద్దకు పోయి సంపూర్ణ పరీక్ష చేయించుకొనవలెను.

యంత్రము చెప్పలేనిది

ఒక పల్లెలో అరువది యేండ్ల రైతునకు నడిరేయి ఛాతీలో నొప్పి వచ్చినదనుకొందము. పట్టణమునుండి వచ్చిన మనుమడు తన చేతి యంత్రమును తీసి తాత చేతికి కట్టును.

"ఏమీ లేదు తాతా, నిమిషానికి డెబ్బై ఎనిమిదే చూపిస్తోంది. పడుకో, పొద్దున చూద్దాం."

"గుండెల మీద బండ పెట్టినట్టుందిరా అబ్బాయీ. చెమటలు పోస్తున్నాయి."

మనుమని మాట ప్రేమతో వచ్చినదే. యంత్రము చెప్పిన అంకెయు అబద్ధము కాకపోవచ్చును. అయినను తాత ప్రాణమునకు ముప్పు వచ్చినది. గుండెపోటు అనగా గుండె కండరమునకు రక్తము తెచ్చు నాళము మూసికొనిపోవుట. అట్టి సమయమున నాడి లెక్క సరిగానే యుండవచ్చును. చేతి గడియారము, అందు గుండె గీతను తీయునది సైతము, గుండెపోటును కనిపెట్టునట్టి సాధనము కాదు. ఛాతీపై బరువు, ఎడమ చేతికో దవడకో వీపునకో ప్రాకు నొప్పి, చల్లని చెమట, ఆయాసము, వాంతి వచ్చునట్లుండుట: ఇవి కనబడినప్పుడు ఏ యంత్రమునకును చేయి చాపి కూర్చుండరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. 2005 ఆగస్టు 15న హైదరాబాదున ఆరంభమైన ఆ సేవ నేడు దేశమున అనేక రాష్ట్రములకు వ్యాపించినది. మధుమేహము గలవారిలో, స్త్రీలలో, వృద్ధులలో నొప్పి స్పష్టముగా రాక కేవలము నీరసము, ఆయాసము మాత్రమే రావచ్చునని మరువరాదు. మూసికొనిన నాళమును తెరచుటకు నిమిషములే విలువైనవి. తెల్లవారువరకు ఆగుట ప్రాణమును పందెమొడ్డుటయే.

రక్తపు పోటు, చక్కెర

రక్తపు పోటును నమ్మకముగా కొలుచునది నేటికిని దండచేతికి చుట్టి గాలి నింపు పట్టీయే. ఇంట ఉపయోగించుటకు తగిన విద్యుత్ పరికరములు అంగళ్లలో దొరకును. కొలుచుటకు అరగంట ముందునుండి కాఫీ, పొగాకు మానవలెను. వీపునకు ఆసరా గల కుర్చీలో ఐదు నిమిషములు మౌనముగ కూర్చుండి, చేతిని గుండె ఎత్తున బల్లపై నుంచి, రెండుసార్లు కొలిచి వ్రాసికొనవలెను. ఇంటివద్ద పలుమారులు కొలిచినప్పుడు 135/85కు మించుచున్నచో వైద్యునకు చూపవలెను. వెలుతురుతో మాత్రమే పోటును అంచనా వేయు చేతి గడియారపు అంకెను చూచి మాత్రలు మార్చుకొనుట, మానుట ఎంతమాత్రము తగదు.

చక్కెర విషయమున మోసము మరింత ఎక్కువ. చర్మమును గుచ్చకయే చక్కెరను చెప్పునని కొన్ని గడియారములను, ఉంగరములను అమ్ముచున్నారు. అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ సంస్థ 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించుచు, అట్టి గడియారమునకు గాని ఉంగరమునకు గాని తాము అనుమతి నీయలేదని స్పష్టపరచినది. ఇన్సులిను తీసికొనువారు ఇట్టి తప్పుడు అంకెను నమ్మి మోతాదును పెంచినచో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును, ప్రాణహానియు కలుగవచ్చును.

దేహమునకు అంటించుకొను మరియొక సాధనము కలదు, అది వేరు. దాని సన్నని తీగ చర్మము క్రిందకు దిగి, కణముల నడుమనున్న ద్రవములోని చక్కెరను కొలుచును. ఇది శాస్త్రీయమైనది. అయినను రక్తములోని మార్పు ఆ ద్రవమునకు చేరుటకు కొన్ని నిమిషములు పట్టును గనుక, ఒంటికి తోచినదానికి, అంకెకు పొసగనప్పుడు వ్రేలి రక్తముతో మరల చూచుకొనవలెను.

పసిబిడ్డకు కంకణము

ధరించు యంత్రమనగానే ఖరీదైన గడియారమే మనస్సునకు వచ్చును. కాని బీదవారికి మిక్కిలి మేలుచేయగలది ఒక్క పనిని మాత్రమే చక్కగా చేయు చౌక సాధనము కావచ్చును. బెంగళూరునందు రూపొందిన బెంపూ అను కంకణము దీనికి తార్కాణము. బరువు తక్కువగా పుట్టిన శిశువునకు ఒళ్లు త్వరగా చల్లబడును. చల్లబడిన బిడ్డ పాలు త్రాగదు, బరువు పెరుగదు, వ్యాధులకు సులభముగ లోబడును. నవజాత శిశువు దేహోష్ణము 36.5 మొదలు 37.5 డిగ్రీల సెంటీగ్రేడు వరకు నుండవలెను. ఈ కంకణమును బిడ్డ చేతికి కట్టినచో, ఒళ్లు వెచ్చగా నున్నంతవరకు నీలి దీపము మినుకుమినుకుమనును. చల్లబడినచో నారింజ రంగు దీపము వెలిగి చప్పుడగును. తల్లికి చదువు రానవసరము లేదు, ఫోను ఉండనవసరము లేదు. ఆ చప్పుడు విని తల్లి బిడ్డను తన రొమ్మునకు హత్తుకొనిన చాలును. తల్లి ఒంటి వెచ్చదనమే ఔషధము.

తీగ లేని వార్త చౌకయగుట

చేతి యంత్రము సేకరించిన లెక్కలు ఎవరికిని చేరనిచో అవి గోడపై గీసిన గీతలే. చేర్చు పని రెండంచెలుగా జరుగును. మొదటి అంచె చేతినుండి ఫోనువరకు: ఇది పది మీటర్ల లోపు దూరము. దీనికి వాడు బ్లూటూత్ పద్ధతికి పదవ శతాబ్దమున డెన్మార్కును పాలించిన హెరాల్డ్ అను రాజు బిరుదు పేరు పెట్టిరి. 2010లో వచ్చిన మిత శక్తి రకము వలన చిన్న బ్యాటరీతో దినముల తరబడి వార్త నడపుట సాధ్యమైనది. రెండవ అంచె ఫోనునుండి ఊరి స్తంభమునకు, అచ్చటినుండి లోకమునకు.

ఈ రెండవ అంచె వెల మన దేశమున పడిపోయిన తీరు ఆశ్చర్యకరము. 1995 జులై 31న కలకత్తానుండి ఢిల్లీకి దేశమున మొదటి సెల్ ఫోను సంభాషణ జరిగినప్పుడు, వచ్చిన పిలుపునకు కూడ రుసుము చెల్లింపవలసి యుండెను. 2014లో ఒక జీబీ సమాచారమునకు సుమారు 270 రూపాయలు పడుచుండగా, తరువాతి పదేండ్లలో అది పది రూపాయల దరిదాపులకు దిగినది.

2000 సంవత్సరమున చిత్తూరు జిల్లా అరగొండ గ్రామమున దూరవైద్య కేంద్రము ఏర్పడినప్పుడు అది దేశమంతయు చెప్పుకొనిన వింత. 2019 నవంబరులో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఈ-సంజీవని సేవను ఆరంభించినది. 2020 ఏప్రిల్ నుండి రోగులు ఇంటనుండియే వైద్యునితో మాటలాడు వీలు కలిగినది. 2023 ఫిబ్రవరి నాటికి ఆ సేవ ద్వారా జరిగిన సంప్రదింపులు పది కోట్లు దాటినవి. దూరవైద్యమునకు నియమావళి 2020 మార్చి 25న వెలువడినది. పల్లెలోని ఆయుష్మాన్ ఆరోగ్య మందిరమున కూర్చుండి, అచ్చటి ఆరోగ్య అధికారి సహాయముతో పెద్ద ఆసుపత్రి వైద్యుని సలహా పొందుట నేడు సాధ్యము.

అయినను చౌకయైనంత మాత్రమున అందరికి అందినదని తలపరాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము స్వయముగా వాడుకొను ఫోను గల స్త్రీలు నూటికి 54 మంది మాత్రమేయని తేలినది. ఎన్నడైన ఇంటర్నెట్ వాడినవారు స్త్రీలలో నూటికి 33, పురుషులలో 57. గర్భిణికి, బాలింతకు, వృద్ధురాలికి అందని యంత్రము ఎంత గొప్పదైనను ఇంటి ఆరోగ్యమును కాపాడజాలదు. ఇంట ఫోను ఒక్కటే యున్నచో దానిని ఇల్లాలి ఆరోగ్యమునకు కూడ వినియోగించుట మగవారి ధర్మము.

తరంగముల వలన హాని కలదా?

ఈ ప్రశ్న అనేకులు అడుగునదే. ఎక్స్-కిరణములు కణములలోని అణువులను చీల్చగలవు. రేడియో తరంగములకు అట్టి శక్తి లేదు. అవి మితిమీరిన కణజాలమును కొంచెము వేడిచేయును. అందుకొరకే మన దేశమున 2012 సెప్టెంబరు 1 నుండి ఫోనుల తరంగములను దేహము గ్రహించు పరిమితిని కిలోకు 1.6 వాట్లుగా నిర్ణయించిరి. బ్లూటూత్ మాత్రమే గల చేతి యంత్రము వెలువరించునది సామాన్యముగా కొద్ది మిల్లీవాట్లు. సెల్ ఫోను అవసరమైనప్పుడు 200 మిల్లీవాట్ల వరకు వెలువరింపవచ్చును. 2011లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ రేడియో తరంగములను హాని చేయవచ్చునేమోయను అనుమానపు తరగతిలో చేర్చినది. హాని చేయునని నిర్ణయింపలేదు.

నిజముగా జాగ్రత్త పడవలసినవి వేరు. గుండెలో పేస్‌మేకరు అమర్చబడినవారు అయస్కాంతము గల యంత్రములను, వాని చార్జరులను ఛాతీకి 15 సెంటీమీటర్ల దూరముననే ఉంచవలెను. బ్యాటరీ ఉబ్బిన యంత్రమును వెంటనే మానవలెను. పట్టీ క్రింద చెమట నిలిచి దద్దుర్లు రాకుండ దినమునకొకసారి విప్పి, కడిగి, ఆరబెట్టవలెను.

మీ దేహపు లెక్కలు ఎవరివి?

వైద్యునితో చెప్పిన మాట వైద్యుని కడుపులోనే యుండవలెనని మన నమ్మకము. చేతి యంత్రమునకు అట్టి ప్రమాణము లేదు. మీరు ఎప్పుడు నిద్రించితిరి, ఎచ్చటికి పోతిరి, మీ గుండె ఎట్లున్నది అను లెక్కలు దూరదేశపు యంత్రములలో నిలువయుండవచ్చును. 2023లో మన పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకై చట్టము చేసినది. చట్టమెట్లున్నను మన జాగ్రత్త మనకుండవలెను. యంత్రముతో వచ్చు యాప్ అడిగిన ప్రతి అనుమతిని ఇచ్చివేయరాదు. నాడి లెక్కకు మీ చిరునామా పట్టికతో పనియేమి? 14 అంకెల ఆభా ఆరోగ్య సంఖ్య గలవారు దానికి సంబంధించిన ఓటీపీని ఫోనులో అడిగిన అపరిచితులకు చెప్పరాదు.

రాబోవు కాలము

ముందు ముందు ఈ సాధనములు మరింత చిన్నవి కాగలవు. చర్మమునకు అంటించు పట్టీలుగను, చెవికి పెట్టు పోగులుగను, బట్టలో నేసిన దారములుగను రాగలవు. కాని వాని రూపముకంటె ముఖ్యమైనవి మూడు సంగతులు. మొదటిది: మన దేశస్థుల చర్మముపై, మన ఎండలో, మన పనులలో పరీక్షించి నిగ్గుతేల్చిన సాధనములు కావలెను. రెండవది: హెచ్చరిక మన భాషలో, చదువురానివారికి సైతము తెలియునట్లు వినబడవలెను. మూడవది: హెచ్చరిక వెనుక ఒక మనుష్యుడుండవలెను. యంత్రము రేయి రెండు గంటలకు కూసినచో విని కదలు ఆరోగ్య కార్యకర్త, నడచు వాహనము, తెరచియున్న ఆసుపత్రి లేనిచో ఆ కూత అరణ్యరోదనమే.

నాడి పట్టి చూచిన నాటి వైద్యుడు అంకెను మాత్రమే చూడలేదు. రోగి ముఖమును చూచెను, ఇంటి పరిస్థితి నడిగెను, ధైర్యము చెప్పెను. యంత్రము ఆ చేతికి తోడు కావలెను గాని, ఆ చేతికి బదులు కారాదు.

జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

1. చేతి యంత్రము హెచ్చరించు కావలివాడు. రోగమును నిర్ణయించు వైద్యుడు కాదు.

2. అంకె బాగున్నను ఒంటికి బాగులేనిచో ఒంటి మాటయే వినుడు.

3. ఛాతీ నొప్పి, ఆయాసము, మూతి వంకరపోవుట, కాలు సేయి పడిపోవుట: వెంటనే 108కి ఫోను చేయుడు.

4. గుచ్చకయే చక్కెర చెప్పునను గడియారములను, ఉంగరములను కొనకుడు.

5. యంత్రము అంకెను బట్టి మందుల మోతాదు మార్చకుడు, మానకుడు.

6. తప్పుడు హెచ్చరికలు వచ్చుట కలదు. కంగారుపడక వైద్యునకు చూపుడు.

7. ముప్పది యేండ్లు నిండిన ప్రతివారును దగ్గరి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరమున రక్తపు పోటు, చక్కెర పరీక్షలు చేయించుకొనుడు. యంత్రము కొనలేనివారికి ఈ మార్గము ఎల్లప్పుడు తెరచియే యున్నది.